పేరు రాసిన కప్పు

విజయనగరం,
9 జూలై 2018.

ప్రియమైన అక్కకి,

ప్రభువు నామంలో నీ తమ్ముడు శాంతికుమార్ వందనాలు. నీ ఉత్తరం అందింది. చెవి మిషను మళ్ళీ పాడైందని రాశావు. బాగుచేయించుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినవు, విన్నా నీకు వినపడదు. పోనీలే, ఫోన్లు వచ్చిన ఇన్నాళ్ళకి కూడా ఉత్తరాలు రాసుకునే అక్కాతమ్ముళ్ళం మనమే మిగిలాం. మా పోస్టుమాన్ నన్ను వింతగా చూస్తాడు.

అసలు సంగతి చెబుతాను. కంగారుపడకు, మంచి వార్తే. నన్ను ఈవెనింగ్ క్లబ్బులో మెంబరుగా తీసుకున్నారు!

ఏ క్లబ్బో గుర్తుందా? కాలేజీలో చేర్చడానికి నాన్న నన్ను మొదటిసారి విజయనగరం తీసుకొచ్చినప్పుడు ఒక ఎర్రగోడ బంగళా ముందు నుంచి నడిచామని నీకు చెప్పాను. ఆ గేటు దాటేదాకా నాన్న చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు నాన్నా అంటే, "పెద్దోళ్ళు కూకునే సోటురా, సప్పుడు సెయ్యకూడదు" అన్నాడు. మొన్న ఆ గేటులోంచే నేను కొత్త బూట్లతో టకటకా నడిచి వెళ్ళాను.

పైకి పేకాట, టెన్నిసు, సాయంత్రం టీ. లోపల మాత్రం జిల్లా రాజకీయమంతా అక్కడే ఉడుకుతుంది. ఏ సీటుకి ఎవరిని నిలబెట్టాలో ముందు క్లబ్బులో అనుకుంటారనీ, పార్టీ ఆ తర్వాత ప్రకటిస్తుందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. డబ్బున్నంత మాత్రాన ఎవరినీ రానివ్వరు. దానికో పద్ధతి ఉంది. ఇత్తడి చెంబు మీద గుడ్డ కప్పి బల్ల మీద పెడతారు. ఒక్కొక్క మెంబరూ గుడ్డ కింద చెయ్యి పెట్టి, కావాలనుకుంటే గవ్వ, వద్దనుకుంటే చింతపిక్క వేస్తాడు. ఒక్క చింతపిక్క పడినా ఆ మనిషికి గేటు మూసినట్టే. పెద్ద పెద్ద ఆఫీసర్లకే పడ్డాయట. నాకు ఒక్కటీ పడలేదు అక్కా. అన్నీ గవ్వలే!

నా పేరు ప్రతిపాదించింది యుగంధర్. ఇంటర్లో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. ఇప్పుడు రైసు మిల్లులు, ఒక కాలేజీ ఉన్నాయి, క్లబ్బుకి సెక్రటరీ కూడా. ఇంటికి వచ్చి, "ఏటి మేస్టారూ, ఒక్కరే ఇలగ గోడలు సూసుకోని కూకుంటారేటి? మా కలబ్బుకి రండి" అన్నాడు. వాడన్నది నిజమే కదా. నీ మరదలు స్వర్ణ పోయి రెండేళ్ళు దాటింది. దాలమ్మ పొద్దున్నే వచ్చి రెండు పూటలకీ వండేసి వెళ్ళిపోతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి ఇంట్లో ఏ గదిలో కూర్చోవాలో నాకు తెలియదు. మనుషుల మాటలు వినపడాలని టీవీ పెట్టుకుంటాను, చూడను.

నువ్వొచ్చి నాతో ఉండమని మళ్ళీ అడుగుతున్నాను. నువ్వు మళ్ళీ కాదంటావని తెలుసు, అయినా అడగడం మానను.

నీ చిన్నవాడు,
శాంతి.


శ్రీకాకుళం,
17 జూలై 2018.

తమ్ముడు శాంతికి,

ప్రభువు కృప నీకు తోడుండాలని నీ అక్క జ్ఞానసుందరి దీవెన.

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఒక్క చింతపిక్క కూడా పడలేదంటే ఆశ్చర్యంగా ఉంది. వాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్లలు వామనగుంటలు ఆడుకోవడానికి పట్టుకుపోయారేమో! నవ్వుతూ రాస్తున్నానులే. పక్కింటి తవిటమ్మ చేపల తట్ట దించుకుంటూ నన్ను చూసి, "ఏటమ్మా, మీ తమ్ముడు రాసీసినాడేటి? మీ మొకం సూత్తేనే తెలస్తాది" అని నా చెవిలో అరిచింది. ఆవిడ అరుపు తప్ప నాకీ వీధిలో ఏదీ సరిగా వినపడదు.

నాన్న చెప్పుల సంగతి చదివితే ఏడుపొచ్చింది. నువ్వు బూట్లతో నడిచినందుకు సంతోషమేరా. కానీ ఇన్నాళ్ళూ పిలవనివాళ్ళు ఇప్పుడెందుకు పిలిచారో ఒకసారి ఆలోచించుకో. ఏది వాపో ఏది బలుపో చూసి చెప్పడం ముప్ఫయ్యేళ్ళు ఆస్పత్రిలో నా ఉద్యోగం. అందుకే నా నోరు ఊరుకోదు.

అక్కడికి వచ్చి ఉండమంటావు. నాకెక్కడ కుదురుతుంది? గురువారం స్త్రీల సమాజం, ఆదివారం సండేస్కూలు, మధ్యలో జబ్బుపడిన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ప్రార్థనలు. నేను లేకపోతే ఇక్కడ ఒక్క పనీ సాగదు. నాకు తోచకపోవడమన్నది లేదు. నువ్వు నా గురించి దిగులు పెట్టుకోకు. పెరుగు మానకు. బీపీ మాత్ర పొద్దున్న వేసుకో, గుర్తొచ్చినప్పుడు కాదు.

ఇట్లు, నిన్ను ఎత్తుకుని తిరిగి నడుం వంగిపోయిన
అక్క.


విజయనగరం,
30 ఆగస్టు 2018.

అక్కకి నమస్కారాలు.

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఈమధ్య నాకు తీరిక లేదు! ఈ మాట రాస్తుంటే ఎంత బాగుందో.

క్లబ్బులో కొత్త మెంబరు మొదటి ఏడాది పేకాట బల్ల దగ్గర కూర్చోకూడదట. అది రూలు. అందుకని వరండాలో పేము కుర్చీ వేశారు. అక్కడ కూర్చుని పేపరు చదువుతాను. లోపలివాళ్ళు వస్తూ పోతూ పలకరిస్తారు. మంత్రిగారికి ఇచ్చే వినతిపత్రాలూ, సభలకి ఉపన్యాసాలూ నా చేతనే రాయిస్తున్నారు. జగన్నాధం గారని పెద్ద ప్లీడరు, ఎనభై దాటాయి, నా తెలుగు చూసి, "మాష్టారి కలానికి రుచి ఉందయ్యా" అన్నారు. మా కాలేజీలో ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట అనలేదు.

ఇంకోటి చెబితే నువ్వు నమ్మవు. నాకోసం ప్రత్యేకంగా ఒక కప్పు చేయించారు! పింగాణీది, దానిమీద బంగారు రంగు అక్షరాలతో "శాంతికుమార్ మాష్టారు" అని రాయించారు. టీ తెచ్చే సోములు దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి, "ఇది తమరిదండి బాబూ. సెక్రట్రీగోరు తమరికోసరమే సేయించినారు" అన్నాడు. నేను పోయేక కూడా ఆ కప్పు ఆ గూట్లో ఉంటుంది కదా అనిపించింది. స్వర్ణ ఉంటే ఎంత మురిసిపోయేదో.

యుగంధర్ ఇంకో పెద్ద మాట కూడా అన్నాడు. అది తేలాక రాస్తాను.

శాంతికుమార్.


శ్రీకాకుళం,
22 అక్టోబరు 2018.

తమ్ముడు శాంతికి దీవెనలు.

తిత్లీ తుఫాను సంగతి పేపర్లో చదివే ఉంటావు. మాకు ఇక్కడ గాలి, కరెంటు కోత, గోడ తడవడం, అంతే. పాపం ఉద్దానం వైపు కొబ్బరిచెట్లూ జీడితోటలూ నేలమట్టమైపోయాయి. తవిటమ్మ చెల్లెలి ఇంటి కప్పు ఎగిరిపోయింది. గాలి అంత హోరుమన్నా నాకు వినపడలేదు. కిటికీ తలుపులు కొట్టుకోవడం చూసి లేచాను.

నేనెలా ఉన్నానో అడుగుతూ రాస్తావని ఎదురుచూశాను. క్లబ్బు పనుల్లో ఉన్నావేమో.

నవంబరు పదకొండు ఆదివారం. అమ్మ జ్ఞాపకార్థ ప్రార్థన. ఎప్పటిలాగే మన ఇంట్లోనే, ఉదయం ఆరాధన అయ్యాక. కీర్తన నువ్వే చదవాలి. నువ్వు చదివితే పెదాలు చూసి నాకు ముక్క ముక్కా అర్థమవుతుంది, మిగతావాళ్ళు గొణుగుతారు. చేపల పులుసు పెట్టిస్తాను. అమ్మ చేసినట్టు మామిడికాయ వరుగు వేసి.

అన్నట్టు, నీ ఉత్తరం మొదట్లో ఈసారి ప్రభువు పేరు లేదు. కలంలో సిరా అయిపోయిందా?

గుమ్మంలో నీకోసం చూస్తూ ఉండే
అక్క.


విజయనగరం,
14 నవంబరు 2018.

అక్కకి నమస్కారాలు.

ఆదివారం రాలేకపోయినందుకు క్షమించు. శనివారం నుంచి ఒకటే జ్వరం, ఒళ్ళు నొప్పులు. మంచం దిగలేదు. ఇప్పుడు నయం. నీకు చర్చి మనుషులంతా ఉన్నారు కాబట్టి ప్రార్థన బాగానే జరిగి ఉంటుంది.

శాంతికుమార్.


శ్రీకాకుళం,
2 డిసెంబరు 2018.

తమ్ముడూ,

జ్వరం తగ్గిందా? ఎందుకడుగుతున్నానంటే, మొన్న తవిటమ్మ నాకు నెత్తళ్ళు పొట్లం కట్టి తెచ్చింది. చేపలు కడగడానికి పొట్లం విప్పితే పేపర్లో నువ్వున్నావు. నవంబరు పదకొండున శ్రీకూర్మం గుడిలో, మెడలో కండువా, నుదుట బొట్టు, పక్కన నీ యుగంధర్ గారు. మంచం దిగలేనంత జ్వరంతో తాబేళ్ళకి తోటకూర పెడుతున్నావు.

గుడికి వెళ్ళావని నాకు కోపం లేదురా. తాబేళ్ళంటే నీకు చిన్నప్పటి నుంచీ ఇష్టమే. కానీ శ్రీకూర్మం నుంచి మన ఇంటికి ఆటోలో ఎంతసేపు? అమ్మ ఫొటో ముందు కూర్చుని ప్రతి ఆటో వైపూ చూశాను. పులుసు మర్నాటికి కూడా మిగిలిపోయింది. నాకు చాలా బాధ వేసింది. పెద్దదాన్ని కాబట్టి అడుగుతున్నాను, నన్ను చూడకుండా వెళ్ళాల్సినంత అవసరం ఏమొచ్చింది?

ఇంకొక్క మాట. దీన్ని అడగాలా వద్దా అని నీ ఆగస్టు ఉత్తరం చదివినప్పటి నుంచీ నాలో నేను నలుగుతున్నాను. మా మిషను ఆస్పత్రిలో టి.బి. వార్డు ఉండేది. అక్కడ ఒక్కొక్క రోగి కప్పు మీదా ఎర్ర రంగుతో పేరు రాసేవాళ్ళం, నేనే ఎన్నో రాశాను. అది వాళ్ళకి మర్యాద చెయ్యడానికి కాదు. ఆ కప్పులో ఇంకెవరూ తాగకుండా.

క్లబ్బులో మిగతావాళ్ళ కప్పుల మీద ఎవరెవరి పేర్లున్నాయిరా?

అక్క.


విజయనగరం,
8 డిసెంబరు 2018.

అక్కా,

అబద్ధం రాశాను. ఒప్పుకుంటున్నాను. ఎందుకు రాశానో విను.

వచ్చే ఎలక్షన్లో నన్ను అసెంబ్లీకి నిలబెడదామనుకుంటున్నారు. రిజర్వుడు సీటు. స్కూల్లో నాన్న రాయించిన ప్రకారం కాగితాల మీద మనం హిందువులమే. క్రైస్తవుడని ఎవరైనా కేసు వేస్తే సీటు పోతుంది. అందుకని ఎలక్షన్ అయ్యేదాకా చర్చి ఛాయలకి వెళ్ళొద్దన్నారు, గుళ్ళో కనిపించమన్నారు. అమ్మ ప్రార్థనలో బైబిలు పట్టుకుని నిలబడితే ఎవడైనా ఫోనులో ఫొటో తీయడా? నీకు చెబితే ఏడుస్తావని జ్వరమని రాశాను.

ఇక ఆ కప్పు సంగతి. నాకొక మంచి జరిగితే నువ్వు దాన్ని థర్మామీటరు పెట్టి చూస్తావు. ఆస్పత్రి నుంచి రిటైరై ఇన్నేళ్ళైనా నీకు అందరూ రోగుల్లానే కనిపిస్తారు. వాళ్ళు గవ్వలు వేసి తీసుకున్నారు నన్ను. ఒక్కడు కూడా కాదనలేదు. నీకు చుట్టూ సంఘం ఉంది, ఆదివారమొస్తే వందమంది వందనాలు చెబుతారు. నాకు ఇన్నాళ్ళకి దొరికింది ఒక కుర్చీ, ఒక కప్పు. వాటిని కూడా దక్కనివ్వవా?

కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దులే.

శాంతికుమార్.


శ్రీకాకుళం,
20 డిసెంబరు 2018.

తమ్ముడికి క్రిస్మస్ శుభాకాంక్షలు. వద్దన్నావు కాబట్టి కార్డు మాత్రమే. బీపీ మాత్ర మానకు.

అక్క.


విజయనగరం,
20 మార్చి 2019.

ప్రియమైన అక్కకి,

వందనాలు. మూడు నెలలు నీకు రాయలేదు. ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు చింపేశాను.

నువ్వు అడిగినదానికి జవాబు చెబుతున్నాను. మిగతా కప్పుల మీద ఏ పేరూ లేదు.

అది నాకు డిసెంబరులోనే తెలిసి ఉండాలి. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి టీ వచ్చే వేళకి నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. ట్రే వైపు చూస్తే నువ్వన్నది నిజమైపోతుందని భయం. నా కప్పు అందుకుని, తాగి, మళ్ళీ పేపర్లో దూరిపోయేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి, పిల్లలకి చెప్పినవాణ్ణి, ఇలా మూడు నెలలు నడిపాను.

పోయిన వారం మా పేర్లు పార్టీకి పంపించే రోజు. నన్ను మొదటిసారి లోపలి గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. పేపరు జగన్నాధం గారి చేతిలో ఉంది. నా కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సోములు టీ తెచ్చాడు. ట్రేలో అన్నీ ఆకుపచ్చ గీత ఉన్న తెల్ల కప్పులు, ఎవరిది ఏదో తేడా లేదు, ఎవరి చేతికి అందింది వాళ్ళు తీసుకుంటారు. నాదొక్కటీ వాడు ట్రేలో పెట్టకుండా ఎడమచేత్తో విడిగా పట్టుకొస్తున్నాడు.

నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదక్కా. కోపం కూడా రాలేదు. "సోములూ, అది అక్కడ పెట్టీ" అని, ట్రేలోంచి ఒక తెల్ల కప్పు తీసుకుని తాగాను. అదే టీ.

మిగతా కప్పులు ఎవరూ తీసుకోలేదు. జగన్నాధం గారు కడుపు బాగులేదన్నారు. ఇంకొకాయన షుగరన్నారు. నా కలానికి రుచి ఉందన్న మనిషి నా వైపు చూడకుండా పేపరు తిరగేస్తూ కూర్చున్నారు. ట్రేలో టీ అంతా మీగడ కట్టి చల్లారిపోయింది. సోములు వచ్చి అలాగే లోపలికి పట్టుకుపోయాడు.

గేటు దాకా యుగంధర్ వచ్చాడు. "ఏటి మేస్టారూ, ఇలగ సేసీసినారు? మేం మిమ్మల్ని ఒక్క మాటన్నామేటి? పేరు రాయించి మరీ ఇచ్చినాం. పెద్దోళ్ళున్నారు, ఆళ్ళ పట్టింపులు ఆళ్ళవి. సూసీ సూడనట్టు పోవాల గదా" అన్నాడు. వాడికి నిజంగానే బాధగా ఉంది. నేను తప్పు చేశాననే అనుకుంటున్నాడు. "ఆ రోజు గవ్వలెందుకు వేశారురా మరి?" అని అడిగాను. "సీటు కోసరం మేస్టారూ. తమరు సదువుకున్నోళ్ళు, మాట యింటారు" అన్నాడు.

నా పేరు వెళ్ళలేదు. మాట వినే ఇంకొకాయన్ని చూసుకున్నారు. దాని గురించి నాకు విచారం లేదు, ఒట్టు.

నీకు చెప్పాల్సింది ఇది కాదు. నాలుగుసార్లు చింపింది దీని దగ్గరే.

మర్నాడు సాయంత్రం ఆరింటికి నేను మళ్ళీ క్లబ్బుకి వెళ్ళాను. అన్నీ తెలిసే వెళ్ళాను. ఇంట్లో దీపాలు వేసుకున్నాను, కూర్చున్నాను, లేచాను, చెప్పులేసుకున్నాను. వరండాలో కుర్చీ అలాగే ఉంది. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ పలకరించలేదు. సోములు టీ తేలేదు. లోపల పేక ముక్కలు కలుపుతున్న చప్పుడు, నవ్వులు. ఎనిమిదింటి దాకా కూర్చుని వచ్చేశాను. ఆ మర్నాడు కూడా వెళ్ళాను. నిన్న కూడా.

అవమానం కంటే ఆ ఇంట్లో ఆరు గంటలు కొట్టడం నాకు ఎక్కువ భయంగా ఉంది. నీకు మనుషులున్నారు, నీకిది అర్థం కాకపోవచ్చు. సిగ్గులేనివాడని తిట్టు, పడతాను. ఉత్తరం మాత్రం రాయి.

నీ శాంతి.


శ్రీకాకుళం,
25 మార్చి 2019.

నా తమ్ముడు శాంతికి,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది, ఇవాళే రాస్తున్నాను. నిన్ను తిట్టను.

నాకు అర్థం కాదన్నావు. విను. గురువారం స్త్రీల సమాజానికి వెళ్తానని రాస్తూ వచ్చాను. వెళ్తాను, అది నిజమే. వెనక వరసలో కూర్చుంటాను. చెవి మిషను రెండేళ్ళ కిందటే పూర్తిగా పోయింది, కొత్తది పెట్టినా లాభం లేదని డాక్టరు చెప్పాడు. వాళ్ళు ప్రార్థన చేసేటప్పుడు తలలు వంచుతారు, అది చూసి వంచుతాను. ఎత్తినప్పుడు ఎత్తుతాను. ఒక్కోసారి అందరూ ఆమెన్ అనేసి చాపలు చుడుతుంటే నేనింకా కళ్ళు మూసుకునే ఉంటాను. మొదట్లో నాకోసం గట్టిగా మాట్లాడేవాళ్ళు. ఎన్నాళ్ళని అరుస్తారు? వాళ్ళ తప్పేం లేదు. సండేస్కూలు మాన్పించి ఏడాదైంది. చిన్నపిల్లలు ఏమడుగుతున్నారో తెలియకుండా ఏం చెప్పను?

అమ్మ ప్రార్థనకి పాస్టరు గారూ, తవిటమ్మా వచ్చారు. అంతే. తవిటమ్మకి మన కీర్తనలు తెలియవు, అయినా మంచి చీర కట్టుకుని వచ్చి చివరిదాకా కూర్చుంది.

నువ్వు రమ్మన్నప్పుడల్లా నాకు తీరిక లేదని రాశాను. చెవిటి ముసలిదాన్ని నీ నెత్తిన పెట్టడం ఎందుకని. నీకు క్లబ్బు దొరికాక, నేను అక్కర్లేదని నిశ్చయం చేసుకున్నాను. నువ్వేమో నాకు వందమంది ఉన్నారనుకున్నావు. ఇద్దరం భలే గొప్పలు రాసుకున్నాంరా.

నువ్వు మళ్ళీ అక్కడికి వెళ్ళి కూర్చున్నావంటే నేను సిగ్గుపడను. ఒంటరిగా ఉన్న మనిషి ఎక్కడైనా కూర్చుంటాడు. నేనూ అలాగే కూర్చుంటున్నాను కదా.

శనివారం ఆమదాలవలసలో పాసింజరు ఎక్కుతున్నాను. తవిటమ్మ రైలెక్కిస్తానంది. "ఎల్లండమ్మా, ఎల్లండి. ఇక్కడ నా అరుపులు తప్ప ఏటున్నాది మీకు?" అంది, అని తనే కళ్ళు తుడుచుకుంది. రెండు పెట్టెలు తెస్తున్నాను. అంటే చూసిపోవడానికి కాదని నీకు తెలియాలని రాస్తున్నాను. నాతో మాట్లాడటం కష్టం, ముందే చెబుతున్నాను. ఎదురుగా కూర్చుని, తలెత్తి, నిదానంగా మాట్లాడాలి. చీకట్లో మాట్లాడితే నాకు తెలియదు. రోజూ విసుగొస్తుంది నీకు.

స్టేషనుకి రావద్దు, జనంలో నువ్వు పిలిచినా నాకు వినపడదు. ఆటోలో నేనే వస్తాను. ఇంటికి చేరేసరికి ఆరవుతుంది. ఆ వేళకి నువ్వు క్లబ్బుకి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, నేనేమీ అనను. ఇంట్లో ఉంటే మాత్రం తలుపు తీసిపెట్టి గుమ్మంలో నిలబడు. తలుపు వేసి ఉంటే, నేను తట్టాక నువ్వు లోపల్నుంచి వస్తున్నానన్నా నాకు వినపడదు. ఇంట్లో ఎవరూ లేరనుకుని తిరిగి వెళ్ళిపోతాను.

అక్క.